మామిడి సీజన్ అయిపోయాక హోసూరు

హోసూరులో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మన ఇళ్ళల్లో ముందు వచ్చే మాట మామిడిపళ్ళు. తప్పు లేదు. తమిళనాట, హోసూరు ఉన్న కృష్ణగిరి జిల్లా అంటే మామిడే. ఏప్రిల్ చివర్నుంచి జులై దాకా కావేరిపట్నం, బర్గూరు, పోచంపల్లి రోడ్ల మీద తోతాపురి లారీలు వరసకడతాయి. (ఈ పోచంపల్లి చీరల పోచంపల్లి కాదు, ఓలా స్కూటర్ల ఫ్యాక్టరీ ఉన్న పోచంపల్లి.) జూన్, జులైల్లో కృష్ణగిరిలో మామిడి ప్రదర్శన పెడతారు. ఊరి నుంచి చుట్టాలు దిగుతారు, బుట్టలు కట్టించుకుని వెళ్తారు. ఆగస్టు వచ్చేసరికి గుజ్జు ఫ్యాక్టరీల ముందు లారీలు పల్చబడతాయి, ప్రదర్శన పందిళ్ళు విప్పేస్తారు. కొత్తగా కాపురం పెట్టినవాళ్ళకి బెంగ పట్టుకునేది అప్పుడే. ఈ ఊళ్ళో ఆదివారం ఏం చేయాలి?

చాలామంది చేసేది ఒకటే. 40 కిలోమీటర్ల దూరంలో బెంగళూరు ఉంది కదా అని కారు తీస్తారు. అత్తిబెలె దగ్గర కాసేపు, ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర మరికాసేపు ఆగి, ఏదో ఒక మాల్‌లో రెండు గంటలు తిరిగి, అలసిపోయి ఇల్లు చేరతారు. ఏళ్ళ తరబడి ఇలాగే గడిపి, అద్దె ఇంటికీ ఫ్యాక్టరీ గేటుకీ మధ్య దారి తప్ప మరేమీ చూడకుండానే బదిలీ అయి వెళ్ళిపోయిన కుటుంబాలున్నాయి. నాకు అది బాధగా ఉంటుంది. గుల్మార్గ్‌కి మంచులాగా, ఊటీకి మే నెల పూలలాగా ఈ జిల్లాకీ ఒక సీజన్ ఉంది, నిజమే. కానీ ఇక్కడ బతకడానికి వచ్చినవాళ్ళకి అసలు దొరికేది మిగతా ఎనిమిది నెలల్లోనే. తొందర లేకుండా, పెద్దగా ఖర్చు లేకుండా ఆ నెలల్ని గడుపుకునే దారి చెప్తాను.

ముందు బట్టల సంగతి. హోసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. విజయవాడ నుంచో వరంగల్ నుంచో వచ్చినవాళ్ళు డిసెంబర్‌లో చంటిపిల్లలకి స్వెటర్ లేకుండా ఉండలేరు. జాతీయ రహదారి మీద 50 కిలోమీటర్లు దిగి కృష్ణగిరి చేరితే మళ్ళీ మనకి తెలిసిన ఎండే. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా సాయంత్రం వానలు ఎక్కువ, కాబట్టి తిరిగే పనులు పొద్దున పెట్టుకోండి.

ఇక మనుషులు. రాష్ట్రం పరాయిదే గాని నేల తెలుగుకి పరాయిది కాదు. హోసూరు, డెంకణీకోట, శూలగిరి, వేపనపల్లి చుట్టూ ఉన్న పల్లెల్లో తరతరాలుగా ఇంటిభాష తెలుగే. కోలారు, చిత్తూరు, కృష్ణగిరి కలిసే ఈ మెట్టనేలని మొరసునాడు అంటారు. 1960లో ఆంధ్రకీ మద్రాసుకీ మధ్య సరిహద్దు సవరించినప్పుడు తిరుత్తణి మద్రాసుకి వెళ్ళింది, చెంగల్పట్టు, సేలం జిల్లాల పల్లెలు కొన్ని ఆంధ్రకి వచ్చాయి. అప్పటికి సేలం జిల్లాలోనే ఉన్న హోసూరు మాత్రం కదలలేదు. కృష్ణగిరి వేరే జిల్లా అయింది 2004లో.

ఇక్కడివాళ్ళు "ఏం జేస్తా ఉండారు", "రవంత సేపు కూసోండి" అంటారు. కన్నడం, తమిళం కలిసిన మాటలు దొర్లుతాయి. ఆ యాస విని నవ్వకండి, దిద్దకండి. బడిలో తెలుగు అందక, ఆఫీసులో తెలుగు చెల్లక, ఇంట్లోనూ పొలంలోనూ మాట్లాడుకుంటూ ఇన్ని తరాలు నిలబెట్టుకున్న భాష అది. ఆ యాసలోనే కథలు రాసి పుస్తకాలు వేసినవాళ్ళున్నారు, దొరికితే కొని చదవండి. పెద్దవాళ్ళని తాతా, అవ్వా అని పలకరించండి, ఈడువాళ్ళని అన్నా, అక్కా అనండి. తమిళులతోనూ అన్నా, అక్కా చెల్లుతాయి. కోస్తా ఊళ్ళ అలవాటు కొద్దీ "గారు" తగిలించుకుంటూ పోతే ఇక్కడి పల్లెవాళ్ళు కొంచెం బిడియపడతారు.

పిల్లల చదువు మాట కూడా ఇక్కడే చెప్పాలి. పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేస్తూ తమిళనాడు 2006లో చట్టం చేసింది. ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతికి అమలు చేస్తూ వచ్చి 2016లో పదో తరగతి పరీక్షల దాకా తెచ్చారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఆ పరీక్షకి చాలా అవస్థ పడ్డారు, కోర్టుల దాకా వెళ్ళాల్సి వచ్చింది. మీ పిల్లల్ని చేర్చే ముందు ఆ బడిలో తెలుగు చెప్తారా, చెప్తే ఏ తరగతి దాకా అని అడిగి రాయించుకోండి. తమిళం నేర్పించండి, అది అన్నం పెట్టే నేల భాష. ఇంట్లో తెలుగు అక్షరాలు మాత్రం మీరే దిద్దించాలి.

ఊరిని తెలుసుకోవడానికి నేను చెప్పే మొదటి చోటు గుడి కాదు, ఉళవర్ సందై. మన రైతుబజార్లలాంటిదే, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనూ తమిళనాడులోనూ ఇవి 1999లోనే మొదలయ్యాయి. హోసూరు సందైలో తెల్లవారక ముందే బస్తాలు దిగుతాయి. ఏడు దాటితే మంచి కూర మిగలదు. డిసెంబర్, జనవరిలో అక్కడికి వెళ్తే చూడాల్సింది అనపకాయలు. ఆకుపచ్చటి కాయల గుట్టలు నేల మీదే పోసి ఉంటాయి. కాయని వేళ్ళతో రాసి చూడండి. జిడ్డు అంటుకుని కమ్మటి వాసన ముక్కుకి తగలాలి. రాత్రి మంచు బాగా పడితేనే ఆ వాసన. జిడ్డు లేని కాయ చవకగా ఇచ్చినా వద్దు. ఇంటికి తెచ్చి గింజలు వలిచి, రాత్రంతా నీళ్ళల్లో నానబెట్టాలి. పొద్దున ఒక్కో గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి లోపలి పప్పు జారి గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. చిత్తూరువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని గంటసేపు పితికితే తప్ప ఒక పూట కూరకి రాదు. అందుకే ఇక్కడ ఆ పనికి పక్కింటివాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు. కొత్త ఊళ్ళో పరిచయాలు కావాలనుకునే ఇల్లాళ్ళకి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. అల్లం, వెల్లుల్లి, ధనియాలు, కొబ్బరి నూరి వేసిన ఆ పులుసు రాగిసంగటిలోకి తినాలి. అన్నంలోకి తింటే సగం రుచే.

కూరలు తీసుకున్నాక పూల అంగళ్ళ వైపు కూడా ఒక అడుగు వేయండి. ఈ చుట్టుపక్కల పాలిహౌస్‌లలో పెంచే గులాబీలు ఫిబ్రవరిలో ప్రేమికుల రోజుకి విదేశాలకు విమానమెక్కుతాయి. చామంతి, బంతి ఏడాది పొడుగునా ఉంటాయి. వారసంతలు ఇష్టమైతే శుక్రవారం కుందారపల్లి, ఆదివారం పోచంపల్లి ఉన్నాయి. మేకలు కొనకపోయినా బేరాలు వినడానికి వెళ్ళొచ్చు.

టౌన్ బస్సులు నేర్చుకోండి. 2021 మే నుంచి తమిళనాడులో మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. బోర్డు తమిళంలో ఉంటుంది కాబట్టి ముందు మీ ఊరి పేరూ బస్సు నంబరూ గుర్తుపట్టడం వస్తే చాలు.

సాయంత్రాలకి చంద్రచూడేశ్వరుని కొండ. మెట్లూ ఉన్నాయి, బండి వెళ్ళే దారీ ఉంది. అమ్మవారు మరకతాంబ. మార్చిలో తేరు పండగప్పుడు కాలు పెట్టే సందుండదు. మిగతా రోజుల్లో పైన గాలికి కూర్చుని ఊరంతా చూడొచ్చు.

తొరపల్లి మాత్రం తప్పకుండా చూడండి. హోసూరుకి దగ్గర్లోనే చిన్న పల్లె. 1878 డిసెంబర్ 10న చక్రవర్తి రాజగోపాలాచారి పుట్టిన ఇల్లు అక్కడుంది, స్మారకంగా కాపాడుతున్నారు. ఆయన బడి చదువు హోసూరులో సాగింది. దేశానికి గవర్నర్ జనరల్ అయిన ఏకైక భారతీయుడు ఇంత చిన్న పెంకుటింటి నుంచి వెళ్ళాడా అనిపిస్తుంది. తెలుగువాళ్ళకి ఇంకో సంగతి కూడా గుర్తుకొస్తుంది. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు మద్రాసులో ప్రాణాలు వదిలినప్పుడు ముఖ్యమంత్రి ఈ రాజాజీయే. ఆ ఇంటి ముందు పిల్లలతో నిలబడి రెండు కథలూ చెప్పండి. ఒకటి చెప్పి ఒకటి దాచడం ఆ ఇద్దరికీ న్యాయం కాదు.

కృష్ణగిరికి ఒక రోజంతా ఇవ్వండి. రైలు లేదు, బస్సే దిక్కు. పొద్దున చల్లగా ఉండగానే కోట కొండెక్కాలి. సయ్యద్ బాషా కొండ అంటారు, పైన దర్గా ఉంది. దారి నిటారు, నీళ్ళు వెంట తీసుకెళ్ళాలి. ఈ ప్రాంతాన్ని బారామహల్ అనేవారు. టిప్పు సుల్తాన్ 1792లో శ్రీరంగపట్నం సంధి కింద దీన్ని ఇంగ్లీషువాళ్ళకి వదులుకున్నాడు. శిస్తు లెక్కలు తేల్చడానికి వచ్చిన కలెక్టర్ అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో. ఏడేళ్ళు ఈ మెట్టపొలాల్లో తిరిగి, రైతుతో నేరుగా పట్టా కట్టే రైత్వారీ పద్ధతిని ఇక్కడే రూపు కట్టించారు. మన్రో దాన్ని తర్వాత దత్తమండలాలకి తీసుకెళ్ళాడు, 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో పోయాడు. కడప, అనంతపురం నుంచి వచ్చినవాళ్ళు తాతల పట్టాల సంగతి విని ఉంటే, దాని మొదలు ఈ కొండ చుట్టూ ఉన్న పొలాల్లో ఉంది.

మధ్యాహ్నానికి కృష్ణగిరి డ్యామ్ చేరుకోండి. కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న 1950ల చివర్లో కట్టి వాడుకలోకి తెచ్చారు. ఇక్కడ నిలిచిన నీళ్ళు దక్షిణ పినాకినివి. నంది కొండల్లో పుట్టిన రెండు పినాకినుల్లో ఉత్తరానిది మన పెన్న, అనంతపురం, కడప మీదుగా నెల్లూరు చేరుతుంది. దక్షిణానిది ఇటు తిరిగి హోసూరు, కృష్ణగిరి చూసుకుని కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. నెల్లూరువాళ్ళు కాసేపు ఎక్కువ కూర్చునే చోటు ఇది. డ్యామ్ దగ్గర చేప అంగళ్ళు వరసగా ఉంటాయి. కారం, పసుపు పట్టించి ఎర్రగా పేర్చిన చేపల్లోంచి మీరు చూపించినదాన్ని తీసి వెడల్పాటి పెనంలో వేస్తారు. ముందే వేయించి పెట్టినది వద్దనండి, కళ్ళముందు నూనెలో పడినదే అడగండి. ఇదే నది హోసూరు పక్కన కెలవరపల్లి దగ్గర కూడా ఆగుతుంది. కానీ బెంగళూరు మురుగు కలిసి వానల్లో అక్కడ తెల్లటి నురగ గుట్టలుగా లేస్తుంది. దూరం నుంచి చూడండి, పిల్లల్ని నీళ్ళల్లో దిగనివ్వకండి. పెన్న తోబుట్టువుని ఈ గతికి తెచ్చినందుకు మనసు మండుతుంది.

జనవరి, ఫిబ్రవరిలో వస్తే తిరుగుదారిలో కావేరిపట్నం వైపు తోటల్లో పూత చూడొచ్చు. పండు తిన్నవాళ్ళు ఎంతోమంది ఉంటారు, పూత వాసన ఎరిగినవాళ్ళు తక్కువ. రైతుని అడిగి తోటలోకి వెళ్ళండి. మందు కొట్టిన రోజైతే ఆయనే రావద్దంటాడు.

చలికాలంలో చల్లటి చోటు కావాలంటే తళ్ళి, డెంకణీకోట, ఇంకా పైన బెట్టముగిలాళం ఉన్నాయి. తళ్ళిని తెల్లదొరలు చిన్న ఇంగ్లండు అనేవారట. ఇక్కడ మాత్రం ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. రాగులు కోతకొచ్చే వేళకి బన్నేరుఘట్ట అడవి నుంచి ఏనుగుల మందలు జవళగిరి, డెంకణీకోట వైపు వస్తాయి. ఏటా పంటలు పోతాయి, ప్రాణాలూ పోతాయి. చీకటి పడ్డాక ఆ దారుల్లో బైకు మీద వెళ్ళొద్దు. ఏనుగు కనబడితే ఫోన్ తీయకండి, వచ్చిన దారినే వెనక్కి మళ్ళండి. ఏ ఊరి పక్కన మంద ఉందో పల్లెలో టీ అంగడివాళ్ళకి తెలుస్తుంది, ముందుగా వాళ్ళని అడగండి.

హొగెనకల్ జలపాతం కూడా ఈ నెలల్లోనే బాగుంటుంది. కర్ణాటక డ్యాములు నిండి కావేరి పొంగినప్పుడు పుట్టి ఎక్కనివ్వరు, స్నానాలూ ఆపేస్తారు. డిసెంబర్ తర్వాత నీరు తేటపడుతుంది, రాళ్ళ మధ్య పుట్టిలో నెమ్మదిగా తిరగొచ్చు. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి. నూనె మర్దన చేసేవాళ్ళు ఒడ్డునే ఉంటారు, ధర ముందే మాట్లాడుకోండి. హోసూరు నుంచి డెంకణీకోట, అంచెట్టి మీదుగా వెళ్ళే దారి అందమైనది. అయితే అది అడవిలోంచి పోయే దారి, కాబట్టి తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం 3 గంటలకల్లా బయల్దేరండి.