సంభావ్యతను ఛాయిస్‌లో వదిలేయకండి

తిరుమలలో సుప్రభాతం, తోమాల, అర్చన, అష్టదళ పాదపద్మారాధన టికెట్లను టీటీడీ ఆన్‌లైన్‌లో ఎలక్ట్రానిక్ డిప్ తీసి కేటాయిస్తుంది. ఇంట్లో పేర్లు నమోదు చేసే పని సాధారణంగా ఫోను బాగా వచ్చిన పిల్లల మీదే పడుతుంది. ‘ఇన్నిసార్లు వేశాం, ఈసారైనా తగలకపోతుందా’ అని పెద్దవాళ్లు అంటుంటారు. ఆ ఆశకు లెక్క కట్టడం హైస్కూలు పిల్లలకు రావాలి.

నెలకు 1,000 పేర్లు వస్తాయని, టికెట్లు పదే ఉన్నాయని అనుకుందాం. ఒక నెలలో తగిలే సంభావ్యత నూటికి ఒకటి. 12 నెలలు వేస్తే నూటికి 12 అని చాలామంది కూడేస్తారు. అలా కూడుకుంటూ పోతే నూరో నెలకు కచ్చితంగా తగలాలి. అలాంటి హామీ ఏ డిప్పూ ఇవ్వదు. అందుకే తగలకపోవడం నుంచి మొదలుపెట్టాలి. ఒక నెల తగలకపోయే సంభావ్యత 0.99. వరసగా 12 నెలలూ తగలకపోవాలంటే 0.99ని 12 సార్లు వేసి గుణించాలి. దాదాపు 0.886 వస్తుంది. దాన్ని 1లోంచి తీసేస్తే 0.114. అంటే ఏడాదిలో ఒక్కసారైనా తగిలే అవకాశం 11.4 శాతం. నూరు నెలలు వేసినా 63 శాతమే! 11 నెలలు తగలనివాళ్లకు పన్నెండో నెలలో అవకాశం ఎంత? మళ్లీ నూటికి ఒకటే. పాత నెలలు ఎక్కడా జమ కావు.

లెక్కింపు సూత్రాలు ఇంకా తేలిక. కొండెక్కడానికి అలిపిరి మెట్లు, శ్రీవారి మెట్టు, బస్సు ఉన్నాయి. దిగడానికీ ఆ మూడే. ఎక్కి దిగే పద్ధతులు 3×3, అంటే 9. ఎక్కిన దారిన దిగకూడదంటే 3×2, అంటే 6. పది మందిలో లీడర్‌ని, డిప్యూటీని 90 రకాలుగా ఎన్నుకోవచ్చు. ఇద్దరిని క్విజ్ జట్టుకు పంపాలంటే 45 రకాలే, అక్కడ ఎవరు ముందన్నది లేదు కాబట్టి. వరస లెక్కలోకొస్తే ప్రస్తారం, రాకపోతే సంయోగం. గొడవంతా ఇంతే. ఫార్ములా బట్టీ పట్టడం తర్వాతి పని.

సంభావ్యత లెక్క పరీక్ష హాల్లోనూ పనికొస్తుంది. ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. నాలుగు ఆప్షన్లుండి తప్పుకు మూడోవంతు మార్కు కోసే పరీక్షల్లో గుడ్డిగా పెడితే సగటు లాభం సున్నా. ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని తెలిస్తే ప్రశ్నకు తొమ్మిదోవంతు మార్కు లాభం. అది సగటు మాత్రమే. రెండు మూడు ప్రశ్నల్లో నష్టపోయినా ఆశ్చర్యం లేదు.

ఇక ఉద్యోగాలు. బీమా కంపెనీల్లో యాక్చువరీలు చేసేది ఈ సంభావ్యత పనే. శ్రీసిటీ లాంటి పారిశ్రామికవాడల్లో క్వాలిటీ విభాగంవాళ్లు కొన్ని శాంపిళ్లు చూసి మొత్తం సరుకును పాస్ చేయాలో వద్దో తేలుస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన సి.ఆర్.రావు సంభావ్యత పునాదిగా నిలిచిన స్టాటిస్టిక్స్‌లోనే 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నారు. మన తిరుపతిలోనే ఎస్వీ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ విభాగం ఉంది. కేంద్ర ప్రభుత్వంలో గెజిటెడ్ కొలువు కావాలనుకుంటే యూపీఎస్సీ ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష నిర్వహిస్తుంది. దానికి డిగ్రీలోనో పీజీలోనో స్టాటిస్టిక్స్ చదివి ఉండాలి. కాబట్టి డిగ్రీ అడ్మిషన్ ఫారం నింపే రోజే గ్రూపులో ఆ సబ్జెక్టు ఉందో లేదో చూసుకోండి.