వాసన రాని మత్తు

ఉదయగిరి, ఆత్మకూరు వైపు తల్లులకు మత్తుతో పోరాటం కొత్త కాదు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఆ తర్వాత ఊరూరా కదిలారు, సారా వేలం పాటల్నే అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అయితే అంగడి యాడుందో ఆ తల్లులకు తెలుసు. తాగొచ్చిన మనిషిని గుమ్మంలోనే వాసన పట్టించేది.

ఇప్పటి మత్తు జేబులో ఇమిడిపోతోంది. గంజాయి పండేది ఎక్కడో పాడేరు కొండల్లో, ఒడిశా సరిహద్దుల్లో కదా, మనకేం అనుకోవద్దు. పిలకాయల చేతికి ముందు అందేవి అంతకంటే దగ్గర్లోనే ఉంటాయి. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి పీల్చే అలవాటు మన దేశంలో పెద్దల్లో 0.58 శాతమైతే పిల్లల్లో 1.17 శాతమని 2019లో ఎయిమ్స్ సర్వే తేల్చింది. తప్పు దిద్దుకునే సీసా వారానికొకటి అయిపోతున్నా, చేతిరుమాలు బిరుసెక్కి ఘాటుగా ఉన్నా అడగండి. టాపెంటడాల్, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు ఇంకా ప్రమాదం. మద్యంతో కలిపి మింగితే ఊపిరే ఆగిపోవచ్చు.

అడిగే తీరులోనే ఉందంతా. చుట్టాల ముందు నిలదీస్తే పిల్లవాడు నోరు విప్పడు. చేనికి పోతూ బండి వెనక కూర్చోబెట్టుకోండి. ముఖాలు ఎదురెదురుగా లేనప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. ‘ఈమధ్య నిద్ర పట్టినట్టు లేదు, ఏంది నాయనా?’ అంటే చాలు, తర్వాత కాసేపు ఊరుకోండి. తండ్రి కువైట్‌లో ఉంటే ఫోన్‌లో ఆయన చేత తిట్టించడం కొన్ని ఇళ్లలో అలవాటు. అంత దూరం నుంచి తిట్టు ఒక్కటే చేరుతుంది, ప్రేమ చేరదు.

గదిలో వేసి తాళం పెట్టడం, పెళ్లి చేస్తే దారికొస్తాడనుకోవడం రెండూ వద్దు. రెండోది ఇంకో ఇంటి ఆడబిడ్డకు అన్యాయం కూడా. బాగా తాగుడు అలవాటైనవాళ్లు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. మాత్రలకు అలవాటుపడ్డ ఒళ్లు నొప్పులతో, విరేచనాలతో విలవిల్లాడుతుంది. మానిపించే పని డాక్టరు పర్యవేక్షణలో జరగాలి.

కేసవుతుందనే భయంతోనే చాలామంది దాస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. మత్తు వాడినందుకో, కొద్ది మోతాదు దగ్గరున్నందుకో కేసైనవాడు తనంతట తానే ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు వెళితే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. సలహాకు 14446కు ఫోన్ చేయండి. అమ్మేవాళ్ల సంగతి చెప్పాలంటే మాదకద్రవ్యాల కట్టడి చూసే రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972.

మానినవాడు మళ్లీ జారితే మందు పనిచేయలేదని ఆసుపత్రి మాన్పించకండి. ఆ రోజే డాక్టరుకు చెప్పండి. వెళ్లేటప్పుడు ఇంట్లో దొరికిన ఖాళీ మాత్రల అట్టలు పారేయకుండా వెంట తీసుకుపోండి. వాడు ఏది మింగుతున్నాడో వాడి నోటి వెంట రాకపోయినా అట్ట మీద రాసి ఉంటుంది.