పడవ నడిపినవాడు కూడా రాస్తే

యాత్రాచరిత్రల పాఠం అయిన రోజు మేడమ్ ఒక ప్రశ్న వేసి వదిలేశారు. "ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీకి పోయి వచ్చారు, సరే. ఆయన పల్లకీ మోసిన బోయీలూ పోయి వచ్చారు కదా! వాళ్ళ యాత్ర ఎక్కడుంది?" క్లాసులో ఎవరమూ నోరు మెదపలేదు. మన చెన్నపట్నం నుంచి 1830లో బయలుదేరి 1831లో తిరిగొచ్చిన ఆ ప్రయాణం గురించి మనకు తెలిసిందంతా ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసిన మాటల్లోంచే. అది 1838లో అచ్చయింది. బోయీలు రాసిన పుస్తకం లేదు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మోసినవాడు కూడా రాసిన యాత్ర ఎక్కడన్నా ఉందా అని వెతికితే, చాలా దూరంలో దొరికింది. కెనడాకు ఈశాన్యపు కొసన ఉన్న లాబ్రడార్‌లో. అక్కడ పల్లకీ లేదు, కనూ ఉంది. కనూ అంటే కొయ్య చట్రానికి గుడ్డ బిగించి చేసిన సన్నటి, పొడుగాటి తేలిక పడవ. నీళ్ళున్నచోట అది మనల్ని మోస్తుంది. రాళ్ళమీద నీరు విరుచుకుపడేచోట దాన్ని మనం మొయ్యాలి.

1903 ప్రయాణం

లియోనిడాస్ హబ్బర్డ్ అమెరికాలో 'ఔటింగ్' అనే పత్రికకు సహాయ సంపాదకుడు. అతని స్నేహితుడు డిల్లన్ వాలెస్ న్యూయార్కులో లాయరు. పటంలో ఖాళీగా ఉన్న లాబ్రడార్ లోపలి భాగాన్ని చూసి రావాలని ఇద్దరూ అనుకున్నారు. తోడుగా జార్జ్ ఎల్సన్ అనే అతన్ని పనికి పెట్టుకున్నారు. జేమ్స్ బే ప్రాంతం వాడు, క్రీ జాతి రక్తమూ స్కాట్లాండ్ రక్తమూ కలిసినవాడు. పడవ నడపడంలో, అడవిలో బతకడంలో దిట్ట. కానీ ఒక్క సంగతి గమనించండి, లాబ్రడార్ అతనికీ కొత్తే.

1903 జూలై 15న ముగ్గురూ ఒకే కనూలో నార్త్ వెస్ట్ రివర్ అనే వర్తక స్థావరం నుంచి బయలుదేరారు. గ్రాండ్ లేక్ అనే పొడుగాటి సరస్సు దాటి, నాస్కాపీ నది పట్టుకుని ఎగువకు పోవాలి. ఆ నది మొగకు అడ్డంగా ఒక దీవి ఉంది. వాళ్ళ పటంలో ఆ సరస్సులోకి ఒకే నది వచ్చి పడుతున్నట్టు ఉంది. అందుకని సరస్సు చివరిదాకా పోయి, అక్కడ కనబడిన సూసాన్ అనే చిన్న వాగునే నది అనుకున్నారు. ఆ వాగులో పడవ ఎక్కి కూర్చున్నది తక్కువ, భుజాన మోసింది ఎక్కువ. వాళ్ళ దగ్గరున్న చేపల వల పాతది, త్వరలోనే పీలికలైపోయింది. సెప్టెంబరులో ఒక గుట్ట ఎక్కితే, వాళ్ళు చేరాలనుకున్న మిచికమౌ సరస్సు దూరంగా కనబడింది. గాలి వల్ల ముందుకు పోలేకపోయారు. తిండి అయిపోవచ్చింది. వెనక్కి తిరిగారు.

వెనక్కి వచ్చే దారిలో చెప్పుల తోలు ఉడకబెట్టుకు తిన్నారు. అక్టోబరు 18న హబ్బర్డ్ ఇక నడవలేకపోయాడు. పోయేటప్పుడు బరువని దారిలో వదిలేసిన పిండి మూట ఒకటి ముందు ఉంది. దానికోసం మిగతా ఇద్దరూ బయలుదేరారు. బూజు పట్టిన పిండి దొరికింది. పంచుకున్నారు. ఎల్సన్ సాయం తేవడానికి ముందుకు పోయాడు. వాలెస్ తన వంతు పిండితో గుడారానికి తిరిగి బయలుదేరాడు. మంచులో దారి తప్పి ఎంత తిరిగినా గుడారం కనబడలేదు. హబ్బర్డ్ ఆ గుడారంలో ఒంటరిగా చనిపోయాడు. ఎల్సన్ దుంగలు కట్టిన తెప్పమీద నది దాటి, వేటగాళ్ళ ఇల్లు చేరి మనుషుల్ని పంపబట్టి వాలెస్ బతికాడు.

మూడు కలాలు

ఇంతవరకు కథ. మనకు కావలసిన పాఠం ఇక్కడే మొదలవుతుంది.

ఈ ఒక్క ప్రయాణం గురించి ముగ్గురూ రాశారు. హబ్బర్డ్ డైరీ రాశాడు. మిగతా ఇద్దరూ వెళ్ళిపోయాక ఒంటరిగా కూర్చుని చివరి పేజీ కూడా రాశాడు. చావుకు సిద్ధమే గానీ మిత్రులు కాపాడతారనే ఆశ పోలేదన్నట్టు ఉంటుంది ఆ పేజీ. వాలెస్ 'ద ల్యూర్ ఆఫ్ ద లాబ్రడార్ వైల్డ్' అనే పుస్తకం రాశాడు. అది 1905లో వచ్చింది, బాగా అమ్ముడుపోయింది. అది చదివినవాళ్ళలో కొందరికి తప్పంతా హబ్బర్డ్ తొందరపాటుదే అనిపించింది.

హబ్బర్డ్ భార్య మీనాకు ఆ మాట మింగుడుపడలేదు. ఆవిడ నర్సు. హబ్బర్డ్‌కు టైఫాయిడ్ వచ్చినప్పుడు సేవ చేసింది, అలా పరిచయమైనవాళ్ళే వాళ్ళు. భర్త మొదలుపెట్టిన ప్రయాణం తానే పూర్తి చేస్తానంది. 1905 జూన్ 27న అదే నార్త్ వెస్ట్ రివర్ నుంచి బయలుదేరింది. ఎవరితో? మళ్ళీ జార్జ్ ఎల్సన్‌తోనే. వెంట ఇంకో ముగ్గురు మగవాళ్ళు. వాళ్ళలో గిల్బర్ట్ బ్లేక్ ఆ ప్రాంతం కుర్రాడే, 1903లో వాలెస్‌ను కనిపెట్టినవాళ్ళలో ఒకడు. వాలెస్ కూడా వేరే బృందంతో అదే రోజు బయలుదేరాడు.

ఈసారి ఏం మారిందో చూడండి. దాదాపు మూడు వారాలు ముందు బయలుదేరారు. రెండు కనూలు. ఒక్క పిండే 390 పౌండ్లకు పైగా. అన్నిటికన్నా ముఖ్యం, సరైన నది. మొదట్లోనే ఒక పడవ బోల్తాపడి గొడ్డళ్ళూ పెనాలూ నీటిపాలైనా ప్రయాణం ఆగలేదు. నాస్కాపీ నది ఎక్కి, మిచికమౌ దాటి, జార్జ్ నది వెంట ఉత్తరానికి దిగి, ఆగస్టు చివర్లో ఉంగావా బే చేరారు. మొత్తం 576 మైళ్ళు. వాలెస్ చేరింది అక్టోబరు మధ్యలో. ఆ నదుల పటం మీనా గీసింది.

1908లో ఆవిడ పుస్తకం వచ్చింది: 'ఎ వుమన్స్ వే త్రూ అన్నోన్ లాబ్రడార్'. అందులో తన ప్రయాణంతోపాటు భర్త డైరీ వేసింది. ఇంకొకటి కూడా వేసింది. 1903లో ఏం జరిగిందో జార్జ్ ఎల్సన్ స్వయంగా చెప్పిన కథనం. మేడమ్ అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. కూలికి కుదిరిన మనిషి మాట, యజమాని మాట పక్కనే, అదే అట్టల మధ్య.

అయినా మొత్తం కథ వచ్చిందా?

మీనా పుస్తకంలో రెండు చోట్ల నేను ఆగిపోయాను. ఒకరోజు ఆవిడ ఎవరికీ కనబడకుండా ఒంటరిగా కొండెక్కింది. మగవాళ్ళు హడలిపోయి వెతికారు. ఆవిడ లేకుండా తాము వెనక్కి పోలేమని ఎల్సన్ అన్నాడట. ఒక యజమాని అడవిలో చనిపోయాడు, రెండోసారి ఆయన భార్య కూడా తిరిగిరాకపోతే ఎల్సన్ మాట ఎవరు నమ్ముతారు? మీనాకు అది కొండ చూసే సరదా. అతనికి పరువు ప్రాణాల సంగతి. ఆ తర్వాత ఒంటరిగా పోనని వాళ్ళకు మాటిచ్చింది.

రెండోది జార్జ్ నది ఒడ్డున. అక్కడ ఇన్నూ జాతివాళ్ళ గుడారాలు ఎదురయ్యాయి. మగవాళ్ళు సరుకులకోసం సముద్రతీరానికి పోయారు, ఉన్నది ఆడవాళ్ళూ పిల్లలే. పడవల్లో కొత్త మగవాళ్ళను చూసి భయపడి, మా మొగుళ్ళు లేరు, వెళ్ళిపొమ్మని కేకలు పెట్టారు. తర్వాత మాటలు కలిశాయి. పుస్తకం పేరులో 'తెలియని లాబ్రడార్' అని ఉంది. ఆ ఆడవాళ్ళకు అది ఇల్లు! తమ ఇంటి ముందుకు వచ్చిన ఆ తెల్లావిడ గురించి వాళ్ళేమనుకున్నారో పుస్తకంలో వాళ్ళ కలంతో లేదు.

కాబట్టి యాత్రాచరిత్ర చదివేటప్పుడు మూడు ప్రశ్నలు పక్కన రాసి పెట్టుకుందాం.

1. ఈ ప్రయాణంలో బరువు మోసింది ఎవరు? వాళ్ళ పేర్లు ఉన్నాయా?
2. ఏదైనా తప్పు జరిగితే, అది ఎవరిదని రాసినవారు చెబుతున్నారు? రెండో సాక్షి ఉన్నారా?
3. 'ఎవరూ చూడని చోటు' అని రాసి ఉంటే, అక్కడ అప్పటికే కాపురం ఉన్నవాళ్ళు ఎవరు?

ఈ సెలవుల్లో మీ ఇంట్లో ఎవరన్నా తిరుపతికో రామేశ్వరానికో పోయొస్తే, టిక్కెట్లు కొన్నవారిని ఒకసారి, పులిహోర కట్టినవారిని ఒకసారి విడివిడిగా అడిగి రాసుకు రండి. రెండూ ఈ గోడమీద పక్కపక్కన పెడదాం. అప్పుడు మేడమ్ ప్రశ్నకు మనమూ మన వంతు జవాబు చెప్పినవాళ్ళమవుతాం.