ఉట్టి కింద గుంటడు

మాఘం వెళ్లిపోతున్నా సిమిలిగుడలో చలి వదల్లేదు. కొరాపుట్ పీఠభూమి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉంటుంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, మాకు దగ్గరే. పొద్దున ఐదున్నరకు తలుపు తీస్తే పొగమంచు ఇంట్లోకి వస్తుంది. నేను రాయగడలో, నాగావళి గాలిలో పెరిగినవాణ్ని. అక్కడి చలి ఇంత మొండిది కాదు.

ఈ శీతకాలమంతా తెల్లవారుజామున నడవాలని డిసెంబరులో అనుకున్నాను. జనవరి ఆఖరుకి లెక్కేసుకుంటే నడిచింది తొమ్మిది రోజులు. మిగతా రోజులన్నీ దుప్పట్లో పడుకునే నన్ను నేను తిట్టుకున్నాను: సోమరిపోతువి, మాట మీద నిలబడలేవు అని. ఎంత తిట్టుకుంటే మర్నాడు లేవడం అంత బరువయ్యేది.

మా ఇంట్లో ఎర్రచారల మగపిల్లి ఉంది. అమ్మ దాన్ని గుంటడు అంటుంది. మా వైపు మగపిల్లల్ని పిలిచే మాటే అది. మేజోళ్ల జతలో ఒకటి ఎత్తుకెళ్తాడు, రెండోది వదిలేస్తాడు. మఫ్లరు మీద పడుకుంటే లేవడు. ఒకరోజు కుందులి సంతలో కొన్న ఎండుచేపల పొట్లాన్ని పై అరలోంచి లాగి వంటిల్లంతా పరిచాడు. నేను సాయంత్రం వచ్చి చూసి, పొయ్యి పక్కన నిద్రపోతున్నవాణ్ని లేపి కేకలేశాను. బెదిరిపోయి మంచం కింద దూరాడు. రెండు రోజులు నా దగ్గరికి రాలేదు. మూడోరోజు మళ్లీ అదే అర ఎక్కాడు.

"తిడితే దానికేటి తెలుస్తాదిరా? ఉట్టి కట్టు" అంది అమ్మ.

ఆ మాట నన్ను పట్టుకుంది. పిల్లి తను చేసిన పనిని అప్పటికప్పుడు జరిగినదానితోనే ముడిపెట్టుకుంటుంది. పొద్దున తిన్న చేపకీ సాయంత్రం పడ్డ కేకకీ దానికి పొంతన కుదరదు. ఈ మనిషి వస్తే భయపడాలి అన్నదొక్కటే నేర్చుకుంటుంది. మన నాయనమ్మలు ఈ సంగతి ఎరిగినవాళ్లు. పిల్లికి బుద్ధులు చెబుతూ కూర్చోకుండా పాలకుండనీ పెరుగునీ వాసానికి వేలాడదీశారు. నారతో అల్లిన ఆ కాస్త ఉట్టి ఇంటిల్లిపాది కోపాన్నీ ఆదా చేసింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ కొండలన్నీ విశాఖపట్నం జిల్లాలోవే. అందుకేనేమో, పక్కింటి ఒడియావాళ్లు శికా అన్నా, మా ఇంట్లో అది ఉట్టిగానే మిగిలింది.

పిల్లి విషయంలో ఉన్న ఈ తెలివిని మనసు దగ్గరికొచ్చేసరికి మరిచిపోతాం. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమని తాము క్షమించుకున్న విద్యార్థులు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారట. నాకది వింతగా తోచలేదు. తిట్ల చేదంతా పుస్తకానికి అంటుకుంటే మర్నాడు ఆ పుస్తకం తెరవాలని ఎవరికి అనిపిస్తుంది? నా దుప్పటి కింద జరిగిందీ అదే. నడక అంటే తిట్లు గుర్తుకొచ్చే స్థితికి వచ్చాను.

అలాగని క్షమించుకుని ఊరుకుంటే చాలదు. ఉట్టి కట్టాలి, అది చేతులతో చేసే పని. ఒక రాత్రి స్వెట్టరు, మంకీ క్యాప్ మంచం పక్క కుర్చీలో పెట్టాను. మేజోళ్లు రేకుడబ్బాలో వేసి మూత బిగించాను. ఫోను తీసుకెళ్లి వంటింట్లో, చోడంబలి గిన్నె పక్కన పెట్టాను. అలారం ఆపాలంటే లేచి అంతదూరం వెళ్లాలి, వెళ్తే అక్కడ పొయ్యి ఉంది, వెచ్చబెట్టుకుంటే అంబలి ఉంది.

ఫిబ్రవరిలో చాలా రోజులు నడిచాను. చోళ్లు కోసేసిన మెట్టపొలాల మీద మంచు పాలమీగడలా పరుచుకుని ఉండేది. ఆకులు రాల్చిన బూరుగుచెట్లకు ఎర్రపూలు, అక్కడక్కడ మామిడి పూత వాసన. గుంటడు పొలంగట్టు దాకా వెంట వచ్చేవాడు. తడి గడ్డికి కాళ్లు విదిలించుకుని అక్కడే ఆగిపోయేవాడు.

ఒక తెల్లవారుజామున కుందులి సంతకు కావిళ్లతో, నెత్తిన గంపలతో పోతున్నవాళ్లు ఎదురయ్యారు. ఇంత చలిలో ఎప్పుడు లేచారని ఒకావిడను నాకొచ్చిన దేశియా భాషలో అడిగాను. గంపలు రాత్రే కట్టి గుమ్మంలో పెట్టుకుంటామంది, చీకట్లో తాడు వెతుక్కుంటే తెల్లారిపోతుందని. అది చెబుతూ నడక ఆపలేదు.

అమ్మ చెప్పినట్టే ఇంట్లోనూ ఉట్టి కట్టాం. కట్టిన వారానికే గుంటడు ట్రంకుపెట్టె మీంచి ఎగిరి దాన్ని ఊపడం నేర్చాడు. అమ్మ వాణ్ని ఏమీ అనకుండా పెట్టెను అవతలి గోడవారకు జరిపింది. నెలాఖరులో నేనూ వరుసగా మూడు రోజులు తప్పాను. అలారం ఆపి వచ్చి మళ్లీ పడుకున్నాను. ఈసారి తిట్టుకోకుండా వెనక్కి వెతికితే, ఆ మూడు రాత్రులూ తినేసరికి పది దాటింది. భోజనం ఎనిమిదింటికి మార్చాం.

ఇవాళ నడిచొచ్చేసరికి గుంటడు ఉట్టి కింద కూర్చుని పైకే చూస్తున్నాడు. అమ్మ స్టూలెక్కి తాడు ఇంకో జానెడు పొట్టి చేస్తోంది. బూట్లు విప్పకుండానే వెళ్లి స్టూలు పట్టుకున్నాను.