ఉప్పుమడుల మీద ఊరు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి పడమటి ఒడ్డున రెడ్‌వుడ్ సిటీ అనే పట్టణం ఉన్నది. 2010 జనాభా లెక్కల నాటికి అక్కడి జనసంఖ్య సుమారు 77,000. పట్టణానికి ఆనుకొని, నీటి అంచున, దాదాపు 1,400 ఎకరాల మేర ఉప్పుమడులు పరచుకొని ఉన్నాయి. సముద్రపు నీటిని కట్టల నడుమ నిలిపి, ఎండకు ఇగిర్చి, పేరుకొన్న ఉప్పును గీరి తీసే ఈ పద్ధతి మన చినగంజాం, నౌపడ తీరవాసులకు కొత్తది కాదు. అయితే ఇక్కడి మడులు రైతులవి కావు. కార్గిల్ అనే బహుళజాతి సంస్థ ఆధీనంలోనివి.

2009లో కార్గిల్, డీఎంబీ అనే నిర్మాణ సంస్థతో కలిసి, ఈ మడుల స్థానంలో ఒక కొత్త ఊరిని నిర్మిస్తామని ప్రతిపాదించింది. భూమిలో సగం ఇళ్లకు, కార్యాలయాలకు, పాఠశాలలకు. మిగిలిన సగం చిత్తడి నేలల పునరుద్ధరణకు, ఆటస్థలాలకు, ఉద్యానాలకు. ఇళ్లు 8,000 నుంచి 12,000 వరకు ఉంటాయన్నారు. ఉన్న పట్టణం పక్కన దానిలో మూడోవంతు పట్టణం మరొకటి వెలుస్తుందన్నమాట.

ఈ ప్రతిపాదనను అత్యాశ అని తోసిపుచ్చడం తేలిక కాదు. వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడిన సిలికాన్ వ్యాలీ ఈ ప్రాంతమే. ఇక్కడ ఉద్యోగాలు పెరిగినంత వేగంగా ఇళ్లు పెరగలేదు. అద్దెలు భరించలేక ఎందరో ఉపాధ్యాయులు, నర్సులు, పనివారు దూరప్రాంతాలలో నివసిస్తూ, రోజుకు గంటల తరబడి రహదారులపై గడుపుతున్నారు. పని ఉన్న చోటనే ఇల్లు ఉండాలన్న వాదనకు బలం అక్కడి నుంచే వచ్చింది.

అవతలి పక్షానికి అఖాతపు చరిత్రే ఆధారం. పందొమ్మిదో శతాబ్దం నుంచి ఈ అఖాతాన్ని మట్టితో పూడుస్తూ, కట్టలతో బంధిస్తూ వచ్చారు. పక్షులకు, చేపపిల్లలకు ఆశ్రయమైన చిత్తడి నేలలలో అధికభాగం ఆ విధంగా నశించింది. రెడ్‌వుడ్ సిటీకి సమీపంలోని ఫాస్టర్ సిటీ 1960లలో ఇలా మెరక చేసిన నేల మీదనే వెలసింది. 1961లో బర్‌క్లీ ప్రాంతానికి చెందిన ముగ్గురు మహిళలు అఖాత రక్షణకు ఉద్యమించారు. ఫలితంగా 1965లో పూడికలను నియంత్రించే ప్రత్యేక సంఘం ఏర్పడింది. 2003లో ఇదే కార్గిల్ తన మడులలో సుమారు 16,500 ఎకరాలను పునరుద్ధరణ కోసం ప్రభుత్వాలకు అప్పగించింది. రెడ్‌వుడ్ సిటీ మడులు మాత్రం ఆ ఒప్పందంలో చేరలేదు. కట్ట తెంచి పోటునీటిని లోపలికి రానిస్తే అవి కూడా మళ్లీ చిత్తడి నేలలు కాగలవని పర్యావరణవాదుల నమ్మకం.

ఇళ్లు కట్టాలా, వద్దా అన్న వాదం కంటే ముందు మరొక వాదం తలెత్తింది. అసలు ఈ ప్రతిపాదనను అధ్యయనం చేయాలా, వద్దా?

అధ్యయనం జరగాలన్న వారి మాట సూటిగా ఉన్నది. నీరు ఎక్కడి నుంచి వస్తుంది, రహదారులపై రద్దీ ఎంత పెరుగుతుంది, సముద్రమట్టం పెరిగితే కరకట్ట నిలుస్తుందా, పక్కనున్న రేవుకు ఇబ్బంది కలుగుతుందా అన్న ప్రశ్నలకు సమాధానాలు తెలియకుండా కాదనడం ఎట్లా? వ్యయం దరఖాస్తుదారుడే భరిస్తాడు. పరిశీలించినంత మాత్రాన ఒప్పుకొన్నట్లు కాదు. ఆ నివేదిక చూసిన తరువాతనే పౌరులు నిర్ణయించుకోవచ్చు. నగర మండలిలో ఈ దృక్పథానికే మొగ్గు కనిపించింది.

వ్యతిరేకుల సమాధానం కొంత సూక్ష్మమైనది. అధ్యయనం తటస్థమైన పని కాదని వారన్నారు. ఏళ్ల తరబడి ధనం, శ్రమ వెచ్చించి వేల పుటల నివేదిక తయారయ్యాక, దానిని పక్కన పెట్టే ధైర్యం ఎవరికి ఉంటుంది? అప్పుడు చర్చ మొత్తం ఎన్ని ఇళ్లు, ఎంత ఎత్తు కట్ట అన్న బేరసారాలకు దిగజారుతుంది. ఇక్కడ కట్టవచ్చునా అన్న మూలప్రశ్న మరుగున పడుతుంది. ఇళ్లు అవసరమే గాని, అవి రైలు స్టేషను సమీపంలో, ఊరి నడిబొడ్డున కట్టాలని వారి వాదన. పొరుగు నగరాల ప్రజాప్రతినిధులు పలువురు సైతం పరిశీలన లేకుండానే ప్రతిపాదనను తిరస్కరించమని కోరారు. తమ పరిధిలో లేని భూమి గురించి వారికెందుకని కొందరు పట్టణవాసులు నొచ్చుకోవడమూ సహజమే. కానీ అఖాతపు నీటికి పురపాలక సరిహద్దులు ఎక్కడివి?

ఇక్కడ చట్టంలోని ఒక మెలిక గమనార్హం. కాలిఫోర్నియాలో 1970 నాటి పర్యావరణ చట్టం ప్రకారం ఇటువంటి భారీ పథకాన్ని ఆమోదించాలంటే ప్రభావ నివేదిక తప్పనిసరి. తిరస్కరించడానికి మాత్రం ఏ నివేదికా అక్కరలేదు. కనుక ‘చట్టం పరిశీలించమంటున్నది’ అన్న మాట పూర్తి సత్యం కాదు. పరిశీలించడమూ, మానడమూ నగర మండలి చేతిలోనే ఉన్నాయి. బాధ్యత చట్టం మీద కాక మనుషుల మీద పడినందువల్లనే వాదం అంత తీవ్రమయింది. మన దేశంలో 2006 నాటి పర్యావరణ ప్రకటన పెద్ద భవన నిర్మాణాలకు అనుమతి తప్పనిసరి చేస్తూనే, వాటిని ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. అక్కడ నివేదికలో ఏయే అంశాలు ఉండాలో కూడా ముందుగా పౌరులనే అడిగారు.

పౌరుల మనసు తెలుసుకోవడమూ సులభం కాలేదు. 2008 నవంబరులోనే, ఇటువంటి బహిరంగ స్థలాలలో నిర్మాణానికి మూడింట రెండు వంతుల ఓటర్ల ఆమోదం ఉండాలన్న ప్రతిపాదనను పట్టణ ఓటర్లు తిరస్కరించారు. దానిని నిర్మాణానికి సమ్మతిగా ఒక పక్షం, నిబంధన మరీ కఠినమైనందుకు నిరాకరణగా మరొక పక్షం చెప్పుకొన్నాయి.

నివేదికకు సన్నాహాలు మొదలయ్యాయి గాని పూర్తి కాలేదు. 2012 మే నెలలో సంస్థలు దరఖాస్తును ఉపసంహరించుకొన్నాయి. తరువాత వివాదం ఈ మడులు సమాఖ్య జలరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయా అన్న ప్రశ్నకు మళ్లింది. రావని 2019లో సమాఖ్య పర్యావరణ సంస్థ తేల్చగా, 2020లో న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఆ పథకంపై ఔనని గాని, కాదని గాని నగర మండలి ఓటు వేయవలసిన రోజు రానేలేదు.