జోయెల్‌కు పెదనాన్న జవాబు



ఆరాధన అయ్యాక అక్కడి పాస్టరుగారు బీరు గ్లాసు పట్టుకుని అందరినీ పలకరించారని, ఆయన అసలు రక్షణ పొందినవాడేనా అని నువ్వు అడిగావని మీ అమ్మ చెప్పింది. అంత మాట అనకు నాయనా. నువ్వుండే మ్యూనిక్‌కి దగ్గర్లోనే ఆండెక్స్ మఠం ఉంది. అక్కడి సన్యాసుల బీరుకు పెద్ద పేరు. మార్టిన్ లూథర్ ఇంట్లో బీరు తయారుచేసేది ఆయన భార్య కాతరీనానే.

వాక్యం ఎత్తి వాదించుకుంటే రెండు పక్షాలకీ ఆధారం దొరుకుతుంది. కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని తిమోతికి రాసిన పౌలే, మత్తులు కావద్దని ఎఫెసీ సంఘానికీ రాశాడు. కానా పెళ్లిలో యేసు ఆరు బానల నీళ్లను మార్చింది పులియని రసంగానేనని మనవాళ్లు కొందరు గట్టిగా అంటారు. నాకు నమ్మబుద్ధి కాదు. జనం బాగా తాగాక నాసిరకం పోస్తారని ఆ విందు ప్రధాని అనడంలోనే తెలిసిపోవట్లా?

మద్యం ముట్టకూడదన్న మన పట్టు వేరేచోట నుంచి వచ్చింది. ఒంగోలు సంఘాన్ని కట్టిన బాప్టిస్టు మిషనరీలు మద్యం మీద పెద్ద ఉద్యమాలు నడిచిన అమెరికా నుంచి వచ్చారు. అక్కడే 1869లో వెల్చ్ అనే మెథడిస్టు పంటి డాక్టరు, ప్రభు సంస్కారం కోసమని ద్రాక్షరసం పులియకుండా కాచి సీసాల్లో పట్టాడు. మీ పెద్దమ్మ శనివారం నల్లద్రాక్ష ఉడికించి, పిసికి, పలచటి గుడ్డలో వడగట్టడం చూసేవాడివిగా. ఒక్క గింజ కనిపించినా మళ్లీ మొదటికి వచ్చేది.

దొరలు చెప్పారని మాత్రమే మన ఆడవాళ్లు ఆ పట్టు పట్టలేదు. కూలి డబ్బులు సారా కొట్టులో పోవడం కళ్లారా చూసినవాళ్లు. పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో రగిలిన పోరాటం 1992కల్లా రాష్ట్రమంతా పాకి సారా వేలంపాటల్ని అడ్డుకుంది. అది నడిపింది ఏ పాస్టరూ కాదు, అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు. మరుసటి ఏడు సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించారు. రెండేళ్లకే సడలించారనుకో.

అయినా మన సంఘాల తీరు నాకు పూర్తిగా నచ్చదు. తాగి దొరికినవాణ్ణి ప్రభువు బల్లకు రానివ్వరు. కట్నం లెక్కపెట్టుకున్నవాడు ముందు వరసలో కూర్చుని గ్లాసు అందుకుంటాడు.

నీకు వద్దనిపిస్తే యాపిల్ జ్యూస్ అడుగు, సంజాయిషీ అక్కర్లేదు. పుచ్చుకోవాలనిపిస్తే మాత్రం అమ్మ దగ్గర దాచకు. ఫోన్లో గొంతు పట్టే కనిపెట్టేస్తుంది.

నీ గ్లాసు వల్ల తోటివాడు తడబడితే ఆ గ్లాసు మానుకోమని పౌలు రోమా వాళ్లకు రాశాడు. మీ బావ మానేసి ఇంకా ఏడాది తిరగలేదు. క్రిస్మస్‌కి వస్తూ ఎయిర్‌పోర్టులో ఆయనకో సీసా కొంటానని అక్కతో అన్నావట. కొనకు. బూట్లు తీసుకురా. సైజు ఎనిమిది.

పెదనాన్న