పెద్దలకు ఆసరాగా రోబోలు: ఈ రంగంలోకి ఎలా వెళ్లాలి?

జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థ 2015లో ఎలుగుబంటి ముఖమున్న రోబోను చూపించింది. పేరు రోబేర్. మంచంపై ఉన్న మనిషిని ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెడుతుంది. దాని బరువే 140 కిలోలు. అది ఇళ్లలోకి రాలేదు. అదే దేశంలో తకనోరి షిబాతా అనే పరిశోధకుడు రూపొందించిన పారో ఏ బరువూ ఎత్తదు. నిమిరితే కదిలి, కూతపెట్టే సీల్ పిల్ల బొమ్మ. డిమెన్షియా ఉన్న పెద్దల దగ్గర దాన్ని చాలా దేశాల్లో వాడుతున్నారు. 2009లో అమెరికా ఎఫ్‌డీఏ వైద్య పరికరంగా అనుమతించింది కూడా.

అంత బలమున్న యంత్రం నిలవలేదు, బొమ్మ నిలిచింది. అందుకే ఈ రంగంలోకి రావాలనుకునేవారు కోడింగ్ కంటే ముందు సేవ చేసేవారి పని తెలుసుకోవాలంటాను. పక్షవాతం వచ్చిన మనిషిని మంచం దించేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగితే భుజం కీలు దెబ్బతింటుంది. ఇలాంటివి తెలియకుండా తయారుచేసిన యంత్రం మూలనపడుతుంది. జేమ్స్ రైట్ అనే పరిశోధకుడు జపాన్ వృద్ధాశ్రమంలో ఉండి పరిశీలించి, రోబోలను తెచ్చిపెట్టడం, శుభ్రం చేయడం, కనిపెట్టుకుని ఉండటం సిబ్బందికి అదనపు పనులయ్యాయని 2023లో పుస్తకం రాశారు. ఇంజినీరింగ్ విద్యార్థులు తప్పక చదవాలి.

ఎంపీసీ వాళ్లకు మెకానికల్, ఈసీఈ, సీఎస్‌ఈ ఏదైనా పనికొస్తుంది. రోబో సాఫ్ట్‌వేర్ ఆర్‌ఓఎస్, గజిబో సిమ్యులేటర్ ఉచితం. రోబో కొనకుండానే సాధన చేయొచ్చు. పై చదువులకు ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్‌లో రోబోటిక్స్ పరిశోధన కేంద్రం, ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగం ఉన్నాయి. ఐఐటీ మద్రాస్‌లోని ఆర్2డీ2 కేంద్రం కూర్చున్న మనిషిని నిలబెట్టే అరైజ్ చక్రాల కుర్చీని తయారుచేసింది.

ఎంబీబీఎస్ సీటు రాలేదని దిగులుపడే బైపీసీ పిల్లలకు మరీ మరీ చెబుతున్నాను: ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ చూడండి. స్నానం, భోజనం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు పెద్దలు సొంతంగా చేసుకునేలా చూడటమే ఆక్యుపేషనల్ థెరపిస్టు వృత్తి. కేరళ సంస్థ జెన్‌రోబోటిక్స్ తయారుచేసిన, నడక నేర్పే రోబో జీ-గైటర్‌ దగ్గరా థెరపిస్టు ఉండాల్సిందే.

మన దేశంలో కేవలం వృద్ధుల రోబోలపైనే పనిచేసే ఉద్యోగాలు ఇంకా తక్కువ. గోదాముల రోబోలు, వైద్య పరికరాల సంస్థల్లోనూ చెల్లే నైపుణ్యం ఉంచుకోండి. ఫైనలియర్ ప్రాజెక్టుకు మాట్లాడే బొమ్మ వద్దు. మన ఇళ్ల గడప దాటగలిగే, తడి బాత్రూంలో జారని చక్రాల బండి చేయండి. ముందుగా ఒక వృద్ధాశ్రమానికి అనుమతి అడిగి వెళ్లి, ఆయాల పక్కన కొన్నాళ్లు పనిచేయండి.